సోమశిల ప్రయాణం: ఇంటోళ్లందరూ చదవండి

అందరికీ నమస్తే. పోయినేడు మాటలతోనే సెలవులు అయిపోయినయ్. ఈసారి మే రెండో శనివారం, ఆదివారం కృష్ణ ఒడ్డుకు, సోమశిలకు పోతున్నం.

పొద్దున 5 గంటలకు పాలమూరు నుంచి బండ్లు కదుల్తయ్. 5 అంటే 5 (చిన్నబావా, నీకే చెప్తున్న). నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా ఎండ ముదరకముందే చేరాలె. ముందుగా లలితా సోమేశ్వర స్వామి దర్శనం. మధ్యాహ్నం ఎవ్వరూ బయట తిరగొద్దు. నది, నల్లమల కొండలు సాయంత్రమే బాగుంటయ్.

పిల్లలు సంగమేశ్వరం అడుగుతున్నరు. అది అవతల, ఆంధ్ర వైపు ఉంది. శ్రీశైలం డ్యాం నీళ్లు బాగా తగ్గితేనే గుడి బయటపడుతది, మిగతా నెలలు మునిగే ఉంటది. అందుకే ఇప్పుడే మాట ఇవ్వను. ముందురోజు పడవోళ్లను అడిగి చెప్తా. లైఫ్ జాకెట్ లేనిదే పడవ ఎక్కేది లేదు, ఈత వచ్చినా సరే.

శ్రీశైలం లాంచీ గురించి అడగకండి, ఎండాకాలం అంత నీళ్లుండవు.

అత్తమ్మా, పులిహోర మీదే. వదినా, సర్వపిండి, పెరుగు. చేపలు అక్కడే వండిద్దాం. మామిడిపండ్లు ఇంటి నుంచి తేవొద్దు, కొల్లాపూర్‌కు పోతూ మామిడి మోసుకపోతరా ఎవరన్నా!

ఎంతమంది వస్తరో బుధవారం రాత్రిలోపు ఇక్కడ రాయండి, రూములు చెప్పాలె. బొటనవేలు గుర్తు పెడితే లెక్కకు రాదు, సంఖ్య కావాలె. పెద్దమ్మ బీపీ గోలీలు, టోపీలు, పిల్లలకు రెండో జత బట్టలు మర్చిపోవద్దు.