మా ఫ్రెండ్‌ని వల్బోనా కొండ దింపినవాళ్లందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. బాల్కన్ దేశాల్లో బస్సుల్లో, షేర్ వ్యాన్లలో తిరగడానికి వెళ్లిన మేం నలుగురం మ్యూనిక్ చేరుకున్నాం. కాలు విరిగిన మా ఫ్రెండ్‌కి ఆపరేషన్ అయింది, ప్లేటు వేశారు, వాకర్‌తో నడుస్తోంది. ఫోన్లు చేసి అడిగినవాళ్లందరికీ ముందు ఈ కబురు. మేం ఎవరెవరికి రుణపడ్డామో ఇప్పుడు చెప్పాలి. వాళ్లలో చాలామందికి తెలుగు రాదు, కొందరి పేర్లు కూడా మాకు తెలియవు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాం.

బోస్నియాలో మోస్తార్, మాంటెనెగ్రోలో కోటోర్ ఊళ్లు చూసుకుని, ష్కోడర్ పట్నం మీదుగా అల్బేనియా ఉత్తరాన ఉన్న థెత్ అనే పల్లెకి వెళ్లాం. అక్కణ్నుంచి కొండ దాటితే వల్బోనా లోయ. మధ్యలో కనుమ దాదాపు 1,800 మీటర్ల ఎత్తు. ఎక్కడం బాగానే సాగింది. అవతలివైపు దిగుతుంటే వదులు రాళ్ల మీద మా ఫ్రెండ్ జారిపడి, చీలమండ దగ్గర ఎముక విరిగింది. అక్కడికి బండి రాదు. ఫోన్లో సిగ్నల్ లేదు.

వెనక వస్తున్న ఇద్దరు చెక్ అమ్మాయిలు ఆగారు. ఒకమ్మాయి తన ట్రెకింగ్ కర్రలు కాలికి అటొకటి ఇటొకటి పెట్టి, స్కార్ఫుతో కదలకుండా కట్టేసింది. రెండో అమ్మాయి సాయం కోసం కిందికి పరుగెత్తింది. ఆ అమ్మాయి వెంట ఒక పెద్దాయన, ఆయన మనవడు కంచర గాడిదని తోలుకొచ్చారు. ఆ దారిలో ట్రెకర్ల సామాన్లు మోసేవి అవే.

మా ఫ్రెండ్‌ని దాని మీద పక్కకి తిప్పి కూర్చోబెట్టారు. మనవడు పగ్గం పట్టుకుని ముందు నడిచాడు. పెద్దాయన పక్కనే నడుస్తూ, విరిగిన కాలు ఊగకుండా మడమని రెండు అరచేతుల్లో పట్టుకున్నాడు. గాడిద అడుగు కిందికి వేసినప్పుడల్లా ఆయన చేతులూ అంతే దిగేవి. దారంతా గులకరాళ్లు. తన కాళ్ల కింద ఏముందో చూసుకోకుండా ఆ కాలినే చూస్తూ దిగాడాయన. మేం పట్టుకుంటామంటే ఒప్పుకోలేదు. అరవై దాటిన మనిషి! ఆ చేతులకి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

ఇంటికి చేరాక ఆయన భార్య కొండ మూలికల టీ కాచింది. మొక్కజొన్న రొట్టె పెరుగులో నానబెట్టి, మా ఫ్రెండ్‌కి తన చేత్తో తినిపించింది. పొరుగింటాయన తన కార్లో బైరాం త్సూరి ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పెట్రోలు డబ్బులైనా తీసుకోమంటే వినలేదు. ఎక్స్‌రే తీసి పిండికట్టు వేశారు. ఇండియా అనగానే అక్కడి నర్సు మదర్ థెరిసా పేరు తలచుకుని మా ఫ్రెండ్ చెయ్యి పట్టుకుంది. 1910లో స్కోప్యేలో (ఇప్పుడది ఉత్తర మాసిడోనియా రాజధాని) అల్బేనియన్ కుటుంబంలో పుట్టి, మన కలకత్తాలో బతికిన ఆ తల్లి పేరుతో మమ్మల్నీ దగ్గరివాళ్లలా చూశారు.

మర్నాడు కోమాన్ సరస్సు మీద ఫెర్రీ. ద్రిన్ నదికి ఆనకట్ట కట్టడంతో ఏర్పడిన సరస్సది. సిబ్బంది మా ఫ్రెండ్‌ని కుర్చీతో సహా ఎత్తి పడవెక్కించారు. అవతల కోమాన్ నుంచి రోడ్డు గుంతలమయం. వ్యాన్ డ్రైవరు ప్రతి గుంత దగ్గరా ఆపినంత పనిచేశాడు. తోటి ప్రయాణికుల్లో ఒక్కరూ విసుక్కోలేదు సరికదా, ఒక తాతగారు కోటు విప్పి మడిచి కాలి కింద పెట్టాడు.

హైదరాబాద్‌లోని ఎముకల డాక్టరుగారికి పాదాభివందనం. రాత్రి వాట్సాప్‌లో ఎక్స్‌రే చూసి, కొత్త కట్టుతో విమానం ఎక్కితే కాలు వాచి రక్తం ఆడదు, అల్బేనియా రాజధాని టిరానాలో కట్టుని నిలువునా చీల్పించుకోండి అని ఆయనే చెప్పారు. జర్మనీ హెల్త్ కార్డు అల్బేనియాలో పనికిరాదు కాబట్టి, విడిగా తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్సువాళ్లతో మాట్లాడే పనంతా మ్యూనిక్‌లోని మన తెలుగు అన్నయ్య, వదిన నెత్తినేసుకున్నారు. వదినా, ఎయిర్‌పోర్టుకి నువ్వు తెచ్చిన పప్పన్నం రుచి ఇంకా నోట్లోనే ఉంది.

ఒక్క సాయం అడుగుతున్నాం. ఆ చెక్ అమ్మాయిల నంబరు తీసుకునే వ్యవధి లేకపోయింది. ప్రాగ్ నుంచి వచ్చామన్నారు. అక్కడి తెలుగువాళ్లెవరికైనా వాళ్ల ఆచూకీ తెలిస్తే మాకు చెప్పండి. వాళ్ల ట్రెకింగ్ కర్రలు మా దగ్గరే ఉన్నాయి, మేమే తీసుకెళ్లి ఇచ్చొస్తాం.