నువ్వు వాడుకోని 1,260 పౌండ్లు

లెస్టర్,
9 నవంబర్ 2025

బుజ్జమ్మకి అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినదాంట్లో సగం బాబు ఏడుపులో కొట్టుకుపోయింది. వినపడిన సగం చాలు, రాత్రంతా నిద్ర పట్టలేదు. "పెళ్లయినవాళ్లకి 1,260 పౌండ్ల దాకా ఇప్పిస్తామని ఎవరో ప్రకటన ఇచ్చారమ్మా, ఫారం నింపేస్తున్నా" అన్నావు చూడు, అదీ నా బాధ. నింపకు. నింపేసి ఉంటే సంతకం పెట్టకు. వాట్సాప్‌లో పెడితే నాలుగు గుడ్ మార్నింగుల కింద పడి పోతుందని ఇలా ఉత్తరం రాస్తున్నా. బాబు పడుకున్నాక నిదానంగా చదువు.

ముందు ఒక మాట. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. మ్యారేజ్ అలవెన్స్ అనేది నిజంగానే ఉంది, 2015 ఏప్రిల్ నుంచి ఉంది. ఇక్కడ ఒక్కొక్కరికి ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ఆదాయం మీద పన్ను లేదు కదా. మొగుడూ పెళ్లాల్లో ఒకరి సంపాదన అంత లేకపోతే, మిగిలిపోయినదాంట్లోంచి 1,260 పౌండ్లు రెండోవాళ్లకి రాసివ్వొచ్చు. వాళ్లకి అందులో 20 శాతం, అంటే ఏడాదికి 252 పౌండ్లు పన్ను తగ్గుతుంది. నీ ఆదాయం సున్నా అయినా ఇవ్వగలిగింది 1,260 మాత్రమే, మొత్తం 12,570 ఇవ్వడానికి లేదు. వాళ్ల ప్రకటనలో పెద్ద అంకె ఎక్కడిదంటావా? ఈ ఏడాదిదీ, వెనక్కి నాలుగేళ్లవీ, ఐదు 252లు కలిపితే సరిగ్గా 1,260 అవుతుంది. 20 శాతం ఐదుసార్లంటే నూటికి నూరే కదా! తణుకులో టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, ఆ మాత్రం ముచ్చట పడనీ.

మన దేశంలో ఈ సదుపాయం లేదు. భార్య పరిమితి ఖాళీగా పడి ఉన్నా భర్తకి పనికిరాదు. పైగా భర్త డబ్బుతో భార్య పేరున ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీ కూడా భర్త ఆదాయంలోనే కలుపుతారు. అందుకే మనవాళ్లకి ఇక్కడ ఇలాంటిది ఒకటుందన్న ఊహే రాదు. నాకూ రాలేదు, నాలుగేళ్లపాటు.

నేను స్కూల్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లల్ని చూసుకునే పని చేసేదాన్ని గుర్తుందా? ఏడాదికి ఐదువేలు దాటేది కాదు. మీ నాన్న ఆస్పత్రి ల్యాబ్‌లో. మా ఇద్దరిలాంటివాళ్ల కోసమే ఆ అలవెన్స్ పెట్టారు. 2019లో ఇలాంటి ప్రకటనే చూసి, ఇలాంటి ఫారమే నింపాను. రెండు నిమిషాల పని, ఫోన్ తెర మీద వేలితో సంతకం. నాలుగేళ్లకి రావలసింది 212, 220, 230, 238, మొత్తం 900 పౌండ్లు. మా చేతికి వచ్చింది 468. నలభై శాతం వాళ్ల ఫీజు, ఆ ఫీజు మీద వ్యాట్. మాకు అప్పుడు సంతోషమే వేసింది, ఊరికే వచ్చిన డబ్బు అనుకుని. ఆ కంపెనీ చేసిందల్లా నా పేరు, మీ నాన్న పేరు, పుట్టిన తేదీలు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్లు, పెళ్లి తేదీ పంపించడం. అంతే. దానికి 432 పౌండ్లు.

అక్కడితో అయిపోయుంటే నీకు చెప్పేదాన్ని కూడా కాదేమో, పరువు తక్కువ. ఆ వేలి సంతకంలో "అసైన్‌మెంట్" అని ఒక కాగితం ఉంది. అంటే మీ నాన్నకి రావలసిన రీఫండ్ మీద హక్కే వాళ్లకి రాసిచ్చేశామన్నమాట. మరుసటేడు ఇంకో లెక్కలో మీ నాన్నకి రావలసిన కొంచెం డబ్బు కూడా ముందు వాళ్ల దగ్గరికే వెళ్లింది. దాని కోసం ఎన్ని ఫోన్లు, ఎన్ని ఈమెయిళ్లు! చివరికి మీ నాన్న "పోతే పోయింది, నీ బీపీ ముఖ్యం" అన్నారు. నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఆ మోసం ఇప్పుడు కొంత తగ్గింది. 2023 మార్చి 15 నుంచి అలా రాసిచ్చిన అసైన్‌మెంట్లు చెల్లవని చట్టం మార్చారు. కానీ "నామినేషన్" అని ఇంకోటి ఉంది. డబ్బు మీదే, కాకపోతే మా ద్వారా వస్తుంది అంటారు, ఫీజు కోసుకుని మిగతాది పంపిస్తారు. దాన్ని మనం రద్దు చేసుకోవచ్చు, హక్కు మనదే. అయినా మన డబ్బు ఇంకొకరి గుమ్మం తొక్కి రావలసిన ఖర్మ ఏమిటి? గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో నువ్వే అప్లై చేసుకో. పైసా ఖర్చు లేదు. పాస్‌పోర్టు, పీ60 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపిస్తూ ఆఫీసువాళ్లిచ్చే కాగితం), పేస్లిప్ పక్కన పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం, రాత్రి కూర్చుని వేశాను. మీ పెళ్లి 2021 డిసెంబర్‌లో. పెళ్లి ఏడాది మధ్యలో అయినా ఆ ఏడాది అలవెన్స్ పూర్తిగా వస్తుంది. అప్పుడు నీది పీహెచ్‌డీ. నీకు వచ్చిన స్టైపెండ్‌కి పన్ను లేదు, అంటే పన్ను లెక్కలో అది ఆదాయమే కాదు. ల్యాబ్ క్లాసులు తీసుకున్నందుకు ఇచ్చిన నాలుగు రాళ్లే ఆదాయం. నీ 12,570 దాదాపు మొత్తం వాడకుండా వదిలేశావు, రెండేళ్లు. ఉద్యోగం 2024 జనవరిలో, కాబట్టి 2023-24లో మూడు నెలల జీతమే, ఏడువేల పైచిలుకు. ఆ ఏడాదీ పనికొస్తుంది. 2024-25 పూర్తి జీతం, దాన్ని వదిలెయ్. ఈ ఏడాది ప్రసూతి సెలవు. స్టాట్యుటరీ మెటర్నిటీ పే, అంటే చట్టప్రకారం నీ ఆఫీసువాళ్లిచ్చే ప్రసూతి జీతం మీద పన్ను ఉంటుంది కాబట్టి అది కలపాలి. (నీ స్నేహితురాలికి వస్తున్నది గవర్నమెంట్ ఇచ్చే మెటర్నిటీ అలవెన్స్, దానికి పన్ను లేదు. రెండూ ఒకటే అనుకోకు.) జీతంలో తొంభై శాతం వచ్చే మొదటి వారాలు, ఆ తర్వాత వారానికి 187.18 చొప్పున వచ్చే 33 వారాలు కలిపినా నీకు తొమ్మిదివేలు అటూఇటూ. కాబట్టి మూడు పాత ఏళ్లూ ఈ ఏడాదీ, నాలుగు 252లు, 1,008 పౌండ్లు.

పాత ఏళ్లకి నాలుగేళ్ల గడువు ఉంది. ఇక్కడ పన్ను ఏడాది ఏప్రిల్ 6న మొదలై ఏప్రిల్ 5తో ముగుస్తుంది. 2021-22 సంగతి వచ్చే ఏప్రిల్ 5 దాటితే ఇక అడగడానికి లేదు. బాబు పుట్టినరోజు హడావుడిలో మార్చి ఎలా గడుస్తుందో నీకే తెలియదు. ఈ నెలలోనే చేసెయ్.

అప్లై చేయాల్సింది నువ్వు, అల్లుడుగారు కాదు. ఇచ్చేవాళ్లే అడగాలి. కానీ డబ్బు వచ్చేది ఆయనకి. పాత ఏళ్ల రీఫండ్ ఆయన పేరున వస్తుంది, ఈ ఏడాదిది ఆయన ట్యాక్స్ కోడ్ (జీతంలో పన్ను ఎంత కోయాలో ఆఫీసువాళ్లకి చెప్పే గుర్తు) మారి జీతంలో కలుస్తుంది. 1257ఎల్ ఉన్నది 1383ఎం అవుతుంది. నీది 1131ఎన్ అవుతుంది. పేస్లిప్‌లో నీ కోడ్ తగ్గిందని కంగారు పడకు, అది నువ్వు ఇచ్చిన గుర్తు. మరి ఇచ్చింది నువ్వు, పుచ్చుకున్నది ఆయన. ఆ వెయ్యిలో సగం అయినా నీ ఖాతాలో వేయించుకో. నేను అడగలేదు, మీ నాన్న ఆ 468తో టీవీ కొన్నారు.

రెండు జాగ్రత్తలు. నువ్వు ఏప్రిల్ కంటే ముందే ఉద్యోగంలోకి వెళ్తే నీ ఆదాయం 11,310 (12,570లోంచి ఇచ్చిన 1,260 పోగా మిగిలేది) దాటొచ్చు. అప్పుడు పైదానికి నువ్వు పన్ను కడతావు. ఉదాహరణకి 12,000 వస్తే, 690 మీద 138 పౌండ్లు నీకు పడుతుంది, ఆయనకి 252 తగ్గుతుంది, ఇంటికి 114 మిగిలినట్టే. నష్టం లేదు. అసలు ప్రమాదం ఆయన వైపు నుంచి. ఆయన బేసిక్ రేట్‌లో, అంటే 20 శాతం పన్ను పరిధిలో ఉన్నంతవరకే ఇది. జీతం 50,270కి ఒక్క పౌండ్ దాటినా ఆ ఏడాది 252 మొత్తం పోతుంది, కొంచెం కొంచెంగా తగ్గడం ఉండదు. ఆయన మేనేజర్ అవుతారంటున్నావు కదా. జీతం కొద్దిగా దాటితే పెన్షన్‌లో కాస్త ఎక్కువ వేసి కిందికి తెచ్చుకునే వీలుంది, ఆయనకే తెలుస్తుంది. మీ అదృష్టం, మీరు రెడింగ్‌లో ఉన్నారు. ఎడిన్‌బరోలో మీ పిన్ని కూతురింట్లో 43,662 దగ్గరే గీత, స్కాట్లండ్ పన్ను రేట్లు వేరు.

ఇంకోటి, ఒకసారి పెడితే ఏటా దానంతటదే కొనసాగుతుంది. వచ్చే పన్ను ఏడాది నీకు పూర్తి జీతం కాబట్టి ఏప్రిల్ 5 లోపే రద్దు చేసెయ్, ఆ తర్వాత చేస్తే ఆ ఏడాది చివరిదాకా కొనసాగుతుంది. లేకపోతే నువ్వు 252 ఎక్కువ కడతావు, ఆయన 252 తక్కువ కడతారు, మధ్యలో ఊరికే కాగితాలు. ఆయన ప్రమోషన్ వచ్చాక కూడా మర్చిపోయారనుకో, ఆయనకి తగ్గిన పన్ను కట్టమని లేఖ వస్తుంది.

ఇక పేరు సంగతి. ఇది మన తెలుగువాళ్ల ప్రత్యేక జబ్బు. 2004లో నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు కోసం ఫారం నింపేటప్పుడు మీ నాన్న అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు రాశారు. ఇక్కడ మొదటి గడి అంటే సొంత పేరు. దాంతో మన ఇంటిపేరు ఆయన పేరైపోయింది, సత్యనారాయణ ఇంటిపేరైపోయింది. బ్యాంకులో మాత్రం సరిగ్గా రాశారు. పదిహేడేళ్లు ఎవరికీ పట్టలేదు. 2021లో ఒక రీఫండ్ చెక్కు వచ్చింది, తిరగేసిన పేరుతో. బ్యాంకులో అమ్మాయి చెక్కు చూసి, కార్డు చూసి, మీ నాన్న మొహం చూసి, "ఈయన మీ తమ్ముడా?" అంది.

పైగా ఆ చెక్కు రెండు నెలలు పాతింట్లో పడి ఉంది, మేము ఇల్లు మారి అడ్రస్ మార్చలేదు. చెక్కు ఆరు నెలలే చెల్లుతుంది. మీ నాన్న ఇంకో మూడు నెలలు బద్ధకించారు. చివరికి ఆన్‌లైన్ ఖాతాలో పేరు, అడ్రస్ రెండూ సరిచేసి, పాత చెక్కుకి ఉత్తరం జతచేసి వెనక్కి పంపాక, కొత్తది వచ్చింది. తప్పు అంతా మాదే, ఎవరిననేది లేదు.

అల్లుడుగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా ఒకే గడిలో ఉంది, నేను వీసా అప్పుడు చూశాను. కాబట్టి అప్లై చేయకముందే మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి: నేషనల్ ఇన్సూరెన్స్ లేఖ, పేస్లిప్, బ్యాంకు స్టేట్‌మెంట్. మూడింట్లో ఒకేలా లేకపోతే ముందు అది సరిచేయించండి. నీ ఇంటిపేరు మార్చుకోలేదని బెంగపడకు, మొగుడూ పెళ్లాల ఇంటిపేర్లు ఒకటే ఉండాలన్న నియమం లేదు.

డబ్బు ఆలస్యమైతే తొందరపడకు. నెలలు గడిచినా జవాబు రాకపోతే ఇక్కడి పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి ఫిర్యాదు అని స్పష్టంగా రాసి పంపొచ్చు. ఆ జవాబు నచ్చకపోతే ఇంకోసారి చూడమనొచ్చు, అదీ కాకపోతే ఆ శాఖ మీద ఫిర్యాదుల్ని విడిగా చూసే అడ్జుడికేటర్ ఆఫీసు ఉంది, ఆ పైన మీ ఎంపీ ద్వారా అంబుడ్స్‌మన్. అంత దూరం పోవాల్సిన పని ఉండదులే. ఈలోగా "మీ రీఫండ్ సిద్ధం, లింక్ నొక్కండి" అని మెసేజ్ వస్తే అది దొంగది. 60599కి ఫార్వర్డ్ చేసి తీసెయ్.

పెళ్లి సర్టిఫికెట్ మామూలుగా అడగరు, అయినా దగ్గర ఉంచుకో. అన్నవరంలో సత్రం వాళ్లిచ్చిన రసీదు కాదు, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చింది. అది నా బీరువాలోనే ఉంది, ఫోటో తీసి రేపు పంపిస్తా. అందులో అల్లుడుగారి పేరు ఎలా రాశారో చూశావంటే నీ మూడు కాగితాలకి నాలుగోది తోడవుతుంది.

బాబుకి ముద్దులు. మీ నాన్న పక్కనుంచి టీవీ సంగతి ఎందుకు రాశావని గొడవ చేస్తున్నారు.

మీ అమ్మ