సంగీత సభ గిట్టుబాటు అవుతుందా?

సభ్యులందరికీ నమస్కారం. మన పట్టణంలో నెలకొక కచేరీతో సంగీత సభ పెట్టాలన్న ప్రతిపాదనను నేను మనసారా కోరుకుంటున్నాను కనుకనే, లెక్క కచ్చితంగా చూడాలని మనవి. 150 మంది ఏడాదికి 1,500 రూపాయల చొప్పున చందా కట్టినా వచ్చేది 2,25,000. అంటే కచేరీకి 18,750. గాయకులు, వయొలిన్, మృదంగం, వారి ప్రయాణం, బస, హాలు అద్దె, మైకు అన్నీ అందులోనే సర్దుకోవాలి. పక్కవాద్య కళాకారుల సంభావనలో కోత పెట్టి మిగుల్చుకునే సభ మనకు వద్దు.

టికెట్ 500 రూపాయలు మించకపోతే ప్రవేశ రుసుముపై జీఎస్టీ ఉండదు. సినిమా పాటల విభావరికి జనం ఎక్కువగా వస్తారు గానీ, దానికి ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల కాపీరైటు చూసే సంస్థ) లైసెన్సు ఖర్చు కలుపుకోవాలి. త్యాగరాజ కీర్తనలకు ఆ బాధ లేదు.

అసలు విషయం, సొసైటీగా రిజిస్టరు చేస్తే మిగులును సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు. కాబట్టి లాభం ఆశించి పెట్టుబడి పెట్టదలచినవారు ఇప్పుడే చెప్పడం మంచిది. మొదటి ఏడాది ఆరు కచేరీలకే పరిమితమై, శ్రీరామనవమికి, పుష్య బహుళ పంచమినాటి త్యాగరాజ ఆరాధనకు దాతలను అడుగుదామని నా సూచన. రెండేళ్ల చందా ముందుగా కట్టగలవారు ఆదివారంలోగా ఇక్కడ పేరు రాయవలసిందిగా కోరుతున్నాను.