ఉత్తరపు గోడ మరమ్మతు: ఆదివారం అందరూ రావాలి

మండువా ఇంటి వాటాదారులందరికీ నమస్కారం. ఉత్తరం వైపు బయటి గోడ మోకాలి ఎత్తు వరకు చెమ్మగిల్లింది. ఇటుకను వేలితో గీస్తే ఎర్రటి పొడి రాలుతోంది, అక్కడక్కడ తెల్లటి ఉప్పు పొంగింది. ఆదివారం ఉదయం 8 గంటలకు తాపీమేస్త్రి వస్తున్నారు కనుక ప్రతి వాటా నుంచి ఒకరు తప్పక హాజరు కావాలని మనవి.

సిమెంటు పూత వేయించేద్దామని కొందరు అంటున్నారు. దయచేసి వద్దు. మన డెల్టాలో నేలలోని నీరు పైపైనే ఉండడంవల్ల ఆ తేమ ఇటుకల గుండా పైకి పాకుతుంది. సున్నంతో కట్టిన పాత గోడ దాన్ని గాలికి వదిలి ఆరుతుంది గానీ, పైన సిమెంటు కప్పితే తేమ లోపలే నిలిచి ఇటుకనే తినేస్తుంది. అందుచేత పుచ్చిన ఇటుకలు తీయించి, వాటి స్థానంలో పాత ఇటుకలే పెట్టించి, అతుకులను సున్నం, ఇసుకతోనే నింపించాలి. కాలువలకు నీరు ఆపేసిన ఈ రోజుల్లోనే, నైరుతి వానలకు ముందే పని ముగియాలి.

కొత్త సున్నం ఎండకు తొందరగా ఆరితే బీటలిస్తుంది కాబట్టి, తడిపి కప్పడానికి ప్రతి వాటావారు రెండేసి పాత గోనెసంచులు తీసుకురండి. గోడకు ఆనించిన కొబ్బరి డొక్కలు, మట్టి ఈలోగా తీయించండి. పెరట్లోని పాత ఇటుకలను ఎవరూ పారేయకండి, అవే మనకు ఆధారం. రాలేనివారు శనివారం సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేయగలరు.