జాక్ దూరినంత మాత్రాన పెడల్ పలకదు

ఎడిటర్ గారికి,

మొన్న ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో ఒకరడిగిన ప్రశ్నకి జవాబిస్తూ, వీడియో గేమ్ డ్రమ్స్‌కి పెడల్ పోతే ఏదో ఒక ఎలక్ట్రానిక్ డ్రమ్ పెడల్ తెచ్చి, లావు జాక్‌ని సన్న జాక్‌గా మార్చే కన్వర్టర్ పెడితే చాలన్నారు. చాలదండీ. మీ జవాబు రాకముందే నాకూ అదే ఆలోచన వచ్చింది, చేసి భంగపడ్డాను.

మా అప్ప కొడుకు దగ్గర రాక్ బ్యాండ్ గేమ్ డ్రమ్స్ ఉన్నాయి, 2007లో వచ్చిన గేమ్, అమెరికాలోని చుట్టాలు వాడి ఇచ్చిన సెట్టు. నాలుగు ప్యాడ్లు, కాలికి ఒక పెడల్. గుంటడు దానిమీద రెండు కాళ్లతో ఎక్కి గెంతి విరగ్గొట్టాడు. కాలితో అంత వాయించాలనుంటే గజ్జెలు కట్టుకుని తప్పెటగుళ్లలో చేరమని మా అప్ప తిట్టింది. ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించే స్నేహితుడి దగ్గర కిక్ ప్యాడ్, అంటే కాలి పెడల్ తొక్కితే దెబ్బ పడే ప్యాడ్, దాని పెడల్ అడిగి తెచ్చాను. ప్యాడ్ జాక్ 6.35 మిల్లీమీటర్లు, గేమ్ డబ్బాకుండే రంధ్రం 3.5. విజయనగరం గంటస్తంభం దగ్గర కన్వర్టర్ కొని పెడితే భేషుగ్గా దూరింది. ఎంత తొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. "మావయ్యా, పాడుచేసీసావా?" అన్నాడు వాడు.

మల్టీమీటర్‌ని బీప్‌లో, అంటే రెండు వైర్లూ కలిస్తే కూత పెట్టేలా, పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది. విరిగిన పాత పెడల్లో ఉన్నది రీడ్ స్విచ్. చిన్న గాజు గొట్టంలో రెండు పల్చటి ఇనప రేకులుంటాయి, అయస్కాంతం దగ్గరికొస్తే అతుక్కుంటాయి, దూరం పోతే విడిపోతాయి. అంటే గేమ్ డబ్బా చూసేది లైటు స్విచ్‌లాగా కలిసిందా విడిందా అన్నదొక్కటే. కిక్ ప్యాడ్లో ఉన్నది పీజో బిళ్ల, దెబ్బ తగిలితే కొన్ని మిల్లీసెకన్ల పాటు కాస్త వోల్టేజీ పుట్టిస్తుంది, అంతే. అందులో కలవడానికీ విడిపోవడానికీ ఏమీ లేదు. 2008లో వచ్చిన గిటార్ హీరో వరల్డ్ టూర్ డ్రమ్స్‌లో కాలి పెడల్‌కి పీజోనే వాడారు. మీవాళ్లు బహుశా అలాంటి సెట్టు దృష్టిలో పెట్టుకుని రాసుంటారు, కానీ ఏ గేమో అడక్కుండా అందరికీ ఒకే మందు రాసేస్తే ఎలా?

పీజో దెబ్బని స్విచ్‌గా మార్చే సర్క్యూట్ కట్టొచ్చు, కానీ అంత ఓపిక నాకు లేదు. విడిగా ఒక రీడ్ స్విచ్ కొంటే, కాళ్లు వంచుతుంటేనే గాజు పుటుక్కుమంది. తర్వాత బుద్ధొచ్చి, తలుపులకి దొంగల అలారం కోసం పెట్టే అయస్కాంతం సెన్సార్ కొన్నాను, అందులో ఉండేదీ రీడ్ స్విచ్చే, ప్లాస్టిక్ డబ్బాలో భద్రంగా ఉంటుంది. దాన్ని స్నేహితుడి ఇనప పెడల్ అడుగున, అయస్కాంతం ముక్కని పైన కాలుపెట్టే పలక కింద డబుల్ టేపుతో అంటించి, పాత పెడల్ వైరు కోసి దీనికి కలిపాను. మొదట్లో అయస్కాంతం మరీ దగ్గరైపోయి, కాలు ఎత్తినా స్విచ్ విడలేదు, వరసగా రెండు దెబ్బలు కొడితే ఒకటే పలికేది. రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరిపాక దారికొచ్చింది. ఆ రెండు మిల్లీమీటర్ల కోసం ఓ సాయంత్రం మొత్తం నేలమీద బోర్లా పడుకున్నాను లెండి. కిక్ ప్యాడ్‌తో అసలు పనే పడలేదు, అది పాడైపోతుందేమోనని టెన్షన్ పడుతున్న స్నేహితుడికి మర్నాడే ఇచ్చేశాను. పెడల్ మాత్రం ఇంకా ఇవ్వలేదు.

వచ్చే ఆదివారం ఒక్క వాక్యం వేయండి చాలు: పాత పెడల్‌కి మల్టీమీటర్ పెట్టి తొక్కి చూడండి, తొక్కినప్పుడు బీప్ మొదలైనా ఆగినా అది స్విచ్, కన్వర్టర్‌కి డబ్బులు పెట్టకండి అని. నేను కొన్నది డ్రాయర్‌లో ఊరికే పడుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
కంటోన్మెంట్, విజయనగరం