రింగు గ్యాపు కొలవకుండా ఇంజన్ మూయొద్దు

సంపాదకులకు నమస్కారం.

మన వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు బాగుచేయించుకునే కుర్రాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తాత నడిపిన బండి అని ముచ్చటపడి ఇంజన్ దింపించి, రీబోరింగ్ (అరిగిన సిలిండర్ లోపలి భాగాన్ని మళ్లీ తొలిపించడం) చేయించి, వేలకు వేలు పోస్తున్నారు. తీరా కొన్నాళ్లకే బండి నీలం పొగ కొడుతోంది, ఆయిల్ తాగేస్తోంది అని మళ్లీ షెడ్డుకు తెస్తారు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు డూప్లికేట్ అని ఒకరు, పాత ఇంజన్ అంటే ఇంతేనని ఇంకొకరు. వాల్వ్ గైడ్లు అరిగినా పొగ వస్తుంది, కాదనను. కానీ రింగు గ్యాపు, అంటే సిలిండర్‌లో రింగు రెండు కొనల మధ్య ఉండే సందు, కొలిచారా అని అడిగితే మాత్రం చాలాచోట్ల జవాబు ఉండదు.

కొత్త రింగులే కదా అని డబ్బాలోంచి తీసి నేరుగా పిస్టన్‌కు ఎక్కించేస్తున్నారు, అది తప్పు. ముందు ఒట్టి రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని దాంతో కాస్త కిందికి నెట్టాలి, అప్పుడే రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. తర్వాత రెండు కొనల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చూడాలి. రింగుల కంపెనీ ఇచ్చిన కొలత ఉంటే అదే ఖాయం, లేదంటే మామూలు పెట్రోల్ ఇంజన్‌కు బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) వ్యాసంలో అంగుళానికి మూడు నాలుగు థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు) అని లెక్క. 1489 సీసీ అంబాసిడర్ బోరు 73 మి.మీ., అంటే సుమారు 0.22 నుంచి 0.29 మి.మీ. గ్యాపు.

ఇది కాస్త ఎక్కువైనా బండి నడుస్తుంది, తక్కువైతేనే ప్రమాదం. మన ఎండల్లో, ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కిందంటే రింగు సాగి కొనలు రెండూ గుద్దుకుంటాయి, ఇక సాగడానికి చోటు లేక బోరును గీకేస్తుంది, లేదా విరిగిపోతుంది. చేయించిన రీబోరింగ్ అంతా గంగపాలు, మళ్లీ అదే నీలం పొగ.

రీబోరింగ్ చేయించకుండా రింగులు మాత్రమే మార్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బోరు వ్యాసం 0.1 మి.మీ. అరిగితే గ్యాపు 0.31 మి.మీ. పెరుగుతుంది. అరుగుదల పైభాగంలోనే ఎక్కువ కాబట్టి పైన కొలిచి సరిపోయిందనుకుంటే, పిస్టన్ కిందికి దిగేసరికి గ్యాపు మూసుకుపోతుంది. అందుకే రింగు దిగే చోట్లలో అన్నిటికన్నా ఇరుకైన చోట, కింద కొలవాలి.

గ్యాపు చాలకపోతే సన్న ఆకురాయితో కొనను కొంచెం కొంచెంగా రుద్దుతూ మళ్లీ మళ్లీ కొలవాలి. రుద్దేది బయటి అంచు నుంచి లోపలికే, వెనక్కి లాగితే క్రోమ్ పూత పెచ్చులూడుతుంది. ఏ సిలిండర్‌లో కొలిచిన రింగు ఆ సిలిండర్‌కే వేయాలి, కలిపేస్తే చేసిన పనంతా వృథా.

బండి ఓనర్లకు నా మనవి ఒక్కటే, నాలుగు సిలిండర్ల గ్యాపు అంకెలు బిల్లు మీద రాసివ్వమని అడగండి. మెకానిక్ సోదరులూ దీనికి విడిగా కూలీ తీసుకోండి, తప్పేం లేదు. మీ పత్రిక జిల్లా పేజీలో ఈ కొలత పద్ధతిని బొమ్మతో సహా ఒకసారి వేస్తే షెడ్డు గోడలకు అంటించుకుంటారు.

– డీజిల్ షెడ్డు విశ్రాంత ఉద్యోగి, కాజీపేట