బంగారుతీగపై పరిశోధనకు పదేళ్ల నిధులు ఇవ్వండి: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

కృష్ణా డెల్టాలో వరి తర్వాత మినుము వేసే రైతుగా ఈ లేఖ రాస్తున్నాను. ఆకు గానీ, నేలలో వేరు గానీ లేకుండా పసుపుపచ్చని దారంలా మినుము మొక్కకు చుట్టుకుని, దాని కాండం నుంచే రసం పీల్చుకుని బతికే బంగారుతీగ మా మాగాణులను వదలడం లేదు. ఒక్క ఏడు గింజ రాల్చిందంటే ఆ గింజ ఏళ్ల తరబడి నేలలోనే బతికి ఉంటుంది.

వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మినుము వెదజల్లుతాం కనుక మాకు దుక్కి లేదు, అంతరకృషి లేదు. కోసిన వరి పనలు తీయగానే పెండిమిథాలిన్ అనే కలుపు మందును ఇసుకలో కలిపి చల్లమని శాస్త్రవేత్తలు చెబుతారు. అది మంచి సలహాయే. కానీ ఆ మందు మొలవబోయే గింజ మీద పనిచేసేది. కూలీలు దొరక్క పనలు చేలోనే ఉండిపోతే ఈలోగా తీగ మొలిచి మొక్కను పట్టేస్తుంది. ఆ తర్వాత చాలాసార్లు మినుముతో సహా పీకి కాల్చవలసి వస్తుంది, తెగిన ముక్క చేలో పడినా అది మళ్లీ పక్క మొక్కను అల్లుకుంటుంది.

మొక్కజొన్న, జొన్న వంటి పంటల మీద ఈ తీగ బతకలేదు. అయితే మాగాణిలో ఎన్నేళ్లు మొక్కజొన్న వేస్తే నేలలోని గింజ మినుముకు ప్రమాదం లేనంతగా తగ్గుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికినా డబ్బాలో పోసి అమ్ముకునేది ఏమీ ఉండదు కాబట్టి మందుల కంపెనీలు దానికి డబ్బు పెట్టవు, పెడతాయని ఆశించడమూ న్యాయం కాదు. అది ప్రజాధనంతోనే జరగవలసిన పని. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్‌బీజీ మినుము రకాలు మా ఇళ్లలో ఎంత మార్పు తెచ్చాయో చూసినవాణ్ణి గనుక ఈ మాట నమ్మకంతో అంటున్నాను.

రెండు మూడేళ్ల ప్రాజెక్టులతో నేలలోని గింజ లెక్క తేలదు. అందువల్ల లాం, బాపట్ల శాస్త్రవేత్తలకు కనీసం పదేళ్ల పాటు ఆగకుండా నిధులు కేటాయించి, రైతుల చేలల్లోనే ప్రయోగాలు జరిపించవలసిందిగా కోరుతున్నాను. మినుమును కూడా చేర్చి కేంద్రం 2025లో ఆమోదించిన 11,440 కోట్ల రూపాయల పప్పుధాన్యాల మిషన్ నుంచి ఇందుకు వాటా అడగండి. తీగ గింజ మినుము కంటే చిన్నది కనుక, విత్తనాన్ని జల్లెడ పట్టే యంత్రాలను గ్రామాల్లో పెట్టించే పని ఈ లోపే మొదలుపెట్టవచ్చు.

మా చేలో తీగ బాగా పట్టిన అర ఎకరం ఉంది. ప్రయోగానికి ఆ పదేళ్లూ ఇస్తాను.

ఇట్లు,
కృష్ణా డెల్టా మినుము రైతు